పసిబిడ్డ గదికి ప్యాకేజీలు అక్కర్లేదు

నోయిడా, గురుగ్రామ్, ఇందిరాపురం, ద్వారక ప్రాంతాల్లో కాపురాలు పెట్టుకున్న మన తెలుగు కుటుంబాల్లో ఒక అభిప్రాయం బలంగా పాతుకుపోయింది. కాన్పు అయ్యేలోపు బిడ్డకో గది తయారైపోవాలి. ఆ గదికో థీమ్ ఉండాలి, థీమ్‌కు తగ్గ వాల్‌పేపరు, పిల్లల మంచం, దానికి జతపడే పరుపు సెట్టు, మంచం పైన తిరుగుతూ పాటలు పాడే బొమ్మల చక్రం, మూలన మేఘాల దీపం ఉండాలి. అన్నీ ఒకేచోట కొనాలి, రంగులన్నీ కలవాలి. ఎవరైనా ఇంట్లోనే నాలుగు గుడ్డ పిట్టలు కుట్టి వేలాడదీస్తామంటే "తొలి చూలు కదా, అంత పొదుపు దేనికి" అని జాలిపడతారు.

ఈ అభిప్రాయం వెనుక నాలుగు నమ్మకాలున్నాయి. బిడ్డ బుర్ర ఎదగాలంటే అలాంటి గది కావాలన్నది ఒకటి. బిడ్డకు వేరే గది ఉండడమే పద్ధతన్నది రెండోది. కంపెనీ వస్తువు సురక్షితం, చేత్తో చేసింది కాదన్నది మూడోది. ఎంత ఖర్చుపెడితే అంత ప్రేమన్నది నాలుగోది. ఈ నాలుగింట్లో ఒక్కటి కూడా నిలబడదు. పసిబిడ్డ గదికి కావలసిన అలంకరణ చాలా కొద్ది. ఆ కొద్దినీ ఇంట్లోవాళ్ళు చేత్తో చేసుకుంటే ఖర్చు తగ్గుతుంది, బిడ్డకు నిజంగా పనికొస్తుంది, ఢిల్లీ లాంటి ఊళ్ళో ఆరోగ్యానికీ మంచిది.

ముందు బుర్ర సంగతి చూద్దాం. అప్పుడే పుట్టిన బిడ్డకు కాస్త స్పష్టంగా కనిపించేది 20 నుంచి 30 సెంటీమీటర్ల దూరం వరకే. పాలు తాగే బిడ్డ కళ్ళకూ తల్లి ముఖానికీ మధ్య ఉండే దూరం దాదాపు అంతే. ఆపైన ఉన్నదంతా మసక. ఎదుటి గోడకు వేలు పోసి అంటించిన ఏనుగులూ మేఘాలూ తొలి వారాల్లో బిడ్డకు ఆనవు. పైగా మార్కెట్‌లో ఇప్పుడు చెల్లుబాటయ్యేవన్నీ లేత గులాబీ, లేత నీలం, లేత బూడిద రంగులు. రంగుల తేడా బాగా తెలియడానికి బిడ్డకు నాలుగైదు నెలలు పడుతుంది. అంటే గదిలో అన్నిటికంటే ఖరీదైన గోడ పెద్దవాళ్ళ కోసం, ఫోన్ కెమెరా కోసం తయారవుతోంది.

అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త రాబర్ట్ ఫాంట్జ్ 1963లో ప్రచురించిన పరిశోధన ఇక్కడ గుర్తు చేసుకోదగ్గది. పుట్టి వారం కూడా కాని పసికందులకు ఆయన ఆరు గుండ్రటి బిళ్ళలు చూపించాడు. ఒకదాని మీద ముఖం గీసి ఉంది, ఒకదాని మీద ఒకదానిలో ఒకటిగా వలయాలున్నాయి, ఒకదానికి వార్తాపత్రిక ముక్క ఉంది. మిగతా మూడూ సాదా తెలుపు, పసుపు, ఎరుపు. శిశువులు సాదా రంగు బిళ్ళలకంటే ముఖాన్నీ వలయాలనూ ఆ పేపరు ముక్కనూ ఎక్కువసేపు చూశారు. బిడ్డ కంటికి కావలసింది కొట్టొచ్చినట్టుండే తేడా, గీత, ముఖం. తెల్లటి అట్ట ముక్కల మీద నల్ల రంగుతో పట్టీలు, వలయాలు, చదరంగపు గళ్ళు, ఒక నవ్వు ముఖం గీస్తే అరగంటలో అవి సిద్ధం. బిడ్డ మెలకువగా ఉన్నప్పుడు ఒక్కో అట్ట చేతిలో పట్టుకుని చూపిస్తే చాలు. అసలు ముఖం ఎలాగూ అమ్మది, నాన్నది ఉండనే ఉంది.

మంచం పైన తిరిగే బొమ్మల చక్రాన్ని ఒకసారి బిడ్డ పడుకునే చోటు నుంచి చూడండి. నిజంగా తల అక్కడ పెట్టి పైకి చూడండి. నిలబడి ఉన్న మనకు ఏనుగు తొండంతో, జిరాఫీ మెడతో పక్కనుంచి అందంగా కనిపిస్తాయి. కింద పడుకున్న బిడ్డకు కనిపించేది వాటి పాదాల అడుగు, కుట్టు అతుకు, మధ్యలో ప్లాస్టిక్ డబ్బా. వెల చెల్లించేది పెద్దవాళ్ళు కాబట్టి ఆ వస్తువు పెద్దవాళ్ళ కంటికే తయారైంది. ఇంట్లో చేసుకుంటే ఈ లోపం ఉండదు. ఎంబ్రాయిడరీకి వాడే చెక్క రింగు ఒకటి తీసుకోండి. పాత జాకెట్టు గుడ్డల్లోంచి అరచేతంత పిట్టలు నాలుగు కత్తిరించండి. రెండు పొరలు కలిపి కుట్టి, లోపల కాస్త దూది పెట్టండి. ఒక్కో పిట్టకు తల దగ్గర ఒకటి, తోక దగ్గర ఒకటి, రెండు దారాలు కట్టి రింగుకు వేలాడదీస్తే పిట్ట పొట్ట నేలను చూస్తూ చదునుగా నిలుస్తుంది. రెక్కలు రెండూ విప్పుకుని ఎగురుతున్న పిట్టను బిడ్డ కిందనుంచి చూస్తుంది. నోయిడాలో అట్టా మార్కెట్‌కో, ఢిల్లీలో శంకర్ మార్కెట్‌కో వెళ్ళినా, రింగు, దారం, దూది కలిపి రెండు మూడు వందల్లో అయిపోతుంది. గుడ్డ ఇంట్లోదే.

ఎక్కువ వస్తువులుంటే బిడ్డ ఎక్కువ నేర్చుకుంటుందన్న వాదన కూడా నిలవదు. అమెరికాలోని టొలెడో విశ్వవిద్యాలయం పరిశోధకులు 2018లో 36 మంది చిన్నపిల్లల మీద చేసిన అధ్యయనం ప్రచురించారు. ముందు 4 బొమ్మలు పెట్టినప్పుడు పిల్లలు ఒక్కోదానితో ఎక్కువసేపు, ఎక్కువ రకాలుగా ఆడుకున్నారు. 16 పెట్టినప్పుడు ఒకదాని మీద నుంచి ఇంకోదాని మీదికి పోయారు. వాళ్ళు ఏడాదిన్నర దాటిన పిల్లలు. ఆ వయసు వాళ్ళకే పదహారు ఎక్కువైతే నెలల బిడ్డ చుట్టూ కొట్టు పెట్టడం దేనికి?

రెండో నమ్మకం వేరే గది. అమెరికన్ అకాడెమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2022లో సవరించిన సూచనల ప్రకారం బిడ్డ కనీసం మొదటి ఆరు నెలలు తల్లిదండ్రుల గదిలోనే, వేరే పక్క మీద, వెల్లకిలా, గట్టిగా చదునుగా ఉన్న పరుపు మీద పడుకోవాలి. ఆ పక్కలో దిండ్లు, మెత్తటి బొమ్మలు, దుప్పట్లు, మంచం అంచులకు కట్టే మెత్తలు ఏవీ ఉండకూడదు. ఊపిరాడకపోయే ప్రమాదం ఉందని అంచు మెత్తల అమ్మకాన్ని అమెరికా 2022లో చట్టం చేసి నిషేధించింది. ఇక్కడ "కంప్లీట్ బెడ్డింగ్ సెట్" పేరుతో అమ్మే పెట్టె విప్పితే దిండు, పక్క దిండ్లు, అంచు మెత్తలు, బొమ్మ, అన్నీ ఉంటాయి. పడమటి దేశాల గదిని చూసి మనం తెచ్చుకున్న మోజులో ఆ దేశాల వైద్యులు వద్దన్న వస్తువులే ముందు వరసలో ఉన్నాయి. తల్లి పక్కనే బిడ్డ ఉండాలన్న మన ఇళ్ళ అలవాటు ఈ విషయంలో సరైనదే. రెండు బెడ్‌రూముల అద్దె ఫ్లాటులో ఒక గది బిడ్డ పేరుతో ఖాళీ చేయించి, పురుడు పోయడానికి ఏపీ ఎక్స్‌ప్రెస్‌లో వచ్చిన అమ్మమ్మను హాల్లో సోఫా మీద పడుకోబెట్టాల్సిన పని లేదు.

మూడోది భద్రత. కొన్నది సురక్షితమన్న ధైర్యం ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదు. ఢిల్లీ, ఎన్‌సీఆర్ బజార్లలో కొన్న 121 రకాల దిగుమతి బొమ్మలను పరీక్షించి క్వాలిటీ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2019లో నివేదిక ఇచ్చింది. దాదాపు 67 శాతం పరీక్షల్లో తప్పాయి. ఆ తర్వాతే కేంద్రం కదిలింది. 14 ఏళ్ళలోపు పిల్లల బొమ్మలకు ఐఎస్ఐ గుర్తు 2021 జనవరి 1 నుంచి తప్పనిసరైంది. అది మంచి నిబంధన, బొమ్మ కొంటే ఆ గుర్తు చూసే కొనాలి. కానీ గోడకు తగిలించే బొమ్మ, దీపం, మెరిసే నక్షత్రాల తోరణం లాంటివాటిని అలంకరణ సామగ్రిగా అమ్ముతారు. వాటి మీద ఆ గుర్తు కోసం మనం వెతకం, అమ్మేవాడు చూపించడు. పాటలు పాడే చక్రాల్లో, చిన్న దీపాల్లో కొన్నిటికి బటన్ బ్యాటరీలుంటాయి. అలాంటిది పిల్లవాడు మింగితే రెండు గంటల్లోనే అన్నవాహిక కాలిపోవచ్చు. గుడ్డ పిట్టలో ఆ ప్రమాదం లేదు.

రంగుల సంగతి ఇంకా పెద్దది. ఇళ్ళకు వేసే రంగుల్లో సీసం పది లక్షల పాళ్ళకు 90 పాళ్ళు మించకూడదని 2016లో చేసిన కేంద్ర నిబంధన 2017 నవంబరు నుంచి అమల్లో ఉంది. అయినా చిన్న కంపెనీల రంగుల్లో సీసం హద్దు మీరి ఉంటోందని ఢిల్లీకి చెందిన టాక్సిక్స్ లింక్ సంస్థ పరీక్షలు చేసి చెబుతూనే ఉంది. నిబంధనకు ముందు వేసిన రంగుల మాట సరేసరి. 1980ల నాటి డీడీఏ ఫ్లాటులో అద్దెకు దిగి, బిడ్డ కోసమని పాత గోడను గరుకు కాగితంతో గీకించి కొత్త రంగు వేయిస్తే, ఆ ధూళిలో పాత సీసం ఇల్లంతా పరుచుకుంటుంది. నిండు గర్భిణి అదే ఇంట్లో ఉంటుంది. యునిసెఫ్, ప్యూర్ ఎర్త్ సంస్థలు 2020లో ఇచ్చిన నివేదిక ప్రకారం ప్రపంచంలో 80 కోట్ల మంది దాకా పిల్లల రక్తంలో సీసం ఆందోళనకర స్థాయిలో ఉంది. అందులో 27 కోట్ల మందికి పైగా మన దేశపు పిల్లలే. సీసం దెబ్బ తీసేది ఎదిగే మెదడునే. బుర్ర వికాసం పేరు చెప్పి పాత గోడ గీకించడం ఎంత పొరపాటో ఆలోచించండి.

ఇది ఢిల్లీ అన్న సంగతి కూడా మరిచిపోకూడదు. అక్టోబరు చివరికి గాలి పాడవుతుంది. కిటికీలు మూసేస్తాం, సందులకు టేపులు అంటిస్తాం. కాలుష్యం పెరిగాక ప్రభుత్వం గ్రాప్ పేరుతో ఆంక్షలు పెడుతుంది. అలాంటి నెలల్లో మూసిన గదిలో కొత్త రంగు, వాల్‌పేపరు జిగురు, పార్టికల్ బోర్డు అలమారా నుంచి వచ్చే ఫార్మాల్డిహైడ్, అన్నీ బిడ్డ పీల్చే గాలిలోకే చేరతాయి. బొచ్చు తివాచీ, దోమతెర లాంటి గుడారం, గుట్టలుగా పేర్చిన మెత్తటి బొమ్మలు ఈ ఊరి ధూళినంతా పట్టి ఉంచుతాయి. అందుకే ఎన్‌సీఆర్‌లో పిల్లల గదికి ఒకే నియమం చాలంటాను. వారానికోసారి ఉతకగలిగినదీ తడిగుడ్డతో తుడవగలిగినదీ మాత్రమే లోపలికి రావాలి. నూలు గుడ్డతో ఇంట్లో కుట్టినవి ఈ నియమానికి సరిగ్గా సరిపోతాయి.

మన ఇళ్ళల్లో దీనికి కావలసిన విద్య ఉంది. పాత నూలు చీరలతో బొంత కుట్టని తెలుగు ఊరు లేదు. మంగళగిరివో వెంకటగిరివో, ఉతికి ఉతికి మెత్తబడ్డ చీరలు మూడు తీసుకుంటారు. వేడినీళ్ళలో ఉతికి ఎండలో ఆరేస్తారు. ముడతల్లేకుండా ఒకదాని మీద ఒకటి పరిచి, నాలుగు మూలలా బరువులు పెడతారు. గుడ్డ జరగకుండా ముందు పెద్ద పెద్ద కుట్లు వేసి, ఆ తర్వాత మధ్యనుంచి అంచుల వైపు వరసలుగా సన్న కుట్టు వేసుకుంటూ పోతారు. ముదురు రంగు అంచు చుట్టూ వచ్చేలా మడిచి బిగిస్తారు. మెలకువగా ఉన్న బిడ్డను బోర్లా పడుకోబెట్టి ఆడించడానికి అది నేల మీద పరుపు. కాస్త పెద్దయ్యాక దుప్పటి. ఈలోపు కిటికీకి ఉన్న కర్టెన్ రాడ్డుకే తగిలిస్తే గదికి రంగు వస్తుంది, మేకు కొట్టాల్సిన పని లేదు. పదకొండు నెలల అగ్రిమెంటు మీద ఉంటూ, గోడకు చిల్లు పడితే డిపాజిట్‌లో కోత పడుతుందని భయపడేవాళ్ళకు ఇంతకంటే మంచి అలంకరణ లేదు. ఇల్లు మారితే మడిచి వెంట తీసుకుపోవచ్చు.

చేతిపని గొప్పదనం చెప్పినంత మాత్రాన చేత్తో చేసిందల్లా మంచిదని అనను. బొంతయినా సరే, ఏడాదిలోపు బిడ్డ నిద్రపోయే పక్కలో వదులుగా ఉంచకూడదు. ఆవాల దిండు మన పెద్దలు వాడిందే అయినా, దిండు దిండే, పక్కలోంచి తీసేయాలి. పిట్టల రింగును బిడ్డ నిద్రపోయే చోటికి పైన కాక, ఆడుకునే చోట, చేతికి అందనంత ఎత్తున కట్టాలి. దారాలు బెత్తెడుకు మించి వేలాడకూడదు. కట్టాక బలంగా లాగి చూడాలి, మన చేతికి ఊడింది రేపు బిడ్డ చేతికి ఊడుతుంది. చేతుల మీద లేవడం మొదలుపెట్టిన నాడు, లేదా ఐదో నెల రాగానే దాన్ని తీసేయాలి. గుండీలు, పూసలు, చెమ్కీలు, అద్దం బిళ్ళలు, కినారీ బజారు జరీ అంచులు వద్దు. మూడు సెంటీమీటర్ల గొట్టంలోంచి జారిపోయేదేదైనా బిడ్డ గొంతులో ఇరుక్కునేదే. థర్మోకోల్ ఉండలు, మెరుపుల పొడి కూడా అంతే. ఇవి పాటించలేనివాళ్ళు ఏమీ వేలాడదీయకపోవడమే మేలు. ఖాళీ గోడ వల్ల ఏ బిడ్డకూ నష్టం లేదు.

దీనికి మూడు అభ్యంతరాలు చెబుతారు. ఇద్దరూ ఉద్యోగాలు చేసే ఇంట్లో తీరికెక్కడిదన్నది మొదటిది. అట్ట ముక్కలకు అరగంట, పిట్టలకు ఒక ఆదివారం సాయంత్రం. రాత్రుళ్ళు ఫోన్‌లో వాల్‌పేపర్లు పోల్చుకుంటూ, వచ్చిన రంగు నచ్చక వెనక్కి పంపుతూ గడిపే సమయం ఇంతకంటే ఎక్కువ. చేతిపని పేరుతో గ్లూ గన్, ఫెల్ట్ షీట్లు, రెడీమేడ్ కిట్లు కొనడం మొదలుపెడితే మాత్రం డబ్బూ తీరికా రెండూ పోతాయి. సూది, దారం, కత్తెర, పాత గుడ్డ దాటితే అది మళ్ళీ షాపింగే.

రెండో అభ్యంతరం న్యాయమైనది. ఇల్లు, ఉద్యోగం, గర్భం మోస్తున్న ఆడమనిషి నెత్తిన కుట్టుపని కూడా పెడతారా అని అడుగుతారు. పెట్టకూడదు. నెలలు నిండిన అమ్మాయి చేత బొంత కుట్టించమని ఎవరంటారు? గీతల అట్టలు తండ్రి గీయాలి. రింగు తండ్రే కట్టాలి, లాగి చూసే పూచీ అతనిదే. కుట్టు రాని మగవాడు ఒక సాయంత్రంలో సూదికి దారం ఎక్కించి సాదా కుట్టు నేర్చుకోగలడు. తాతయ్యలకు కత్తెర ఇవ్వండి, సంతోషంగా చేస్తారు. డబ్బు చెల్లించి వస్తువులు తెప్పించడంతో తన వంతు తీరిందనుకునే తండ్రికి, బిడ్డ పుట్టకముందే బిడ్డ కోసం చేతులు కదిపే మొదటి అవకాశం ఇది.

మూడో అభ్యంతరం పరువు. నలుగురూ ఏమనుకుంటారో అని. ఈ నగరంలోనే మీరా మహదేవన్ 1969లో రాజ్‌ఘాట్ దగ్గర గాంధీ శతజయంతి ప్రదర్శన నిర్మాణంలో పనిచేసే కూలీల పిల్లల కోసం డేరా వేసి మొబైల్ క్రెషెస్ ప్రారంభించారు. నిర్మాణ స్థలాల్లో, తక్కువ ఖర్చుతో దొరికే సామగ్రితో, చేత్తో చేసిన ఆటవస్తువులతో ఆ సంస్థ తరాల పిల్లలను చూసుకుంది. వాళ్ళు ఖర్చుపెట్టింది శుభ్రత మీద, తిండి మీద, పిల్లలను పలకరించే మనుషుల మీద. పసితనానికి ఏది ముఖ్యమో ఢిల్లీలో తెలుసుకోవాలంటే ఫర్నిచర్ షోరూములు చూడక్కర్లేదు, ఆ పనిని చూస్తే చాలు. మన అపార్టుమెంట్లలో గది అలంకరణ ఒక కొలబద్ద అయిపోతే, అంత స్తోమత లేని నర్సులూ డ్రైవర్లూ చిన్న ఉద్యోగులూ దాన్నే చూసి వాయిదాల మీద కొంటారు. పరువు పేరుతో మనం పక్కవాడి నెత్తిన పెడుతున్న అప్పు అది.

కొని తీరాలనిపిస్తే కొనదగ్గవీ ఉన్నాయి. వరాహ నది ఒడ్డున ఏటికొప్పాకలో అంకుడు కర్రను తరిణె పట్టి, లక్కతో రంగులద్ది బొమ్మలు చేస్తారు. చెట్ల నుంచి తీసే సహజ రంగులను మళ్ళీ వాడుకలోకి తెచ్చిన సి.వి. రాజుకు 2023లో పద్మశ్రీ వచ్చింది. 2025 గణతంత్ర దినోత్సవాన ఆంధ్రప్రదేశ్ శకటంగా కర్తవ్యపథ్ మీద నడిచింది ఆ ఏటికొప్పాక బొమ్మలే. ఢిల్లీ తెలుగువాళ్ళమంతా గర్వపడ్డాం. ఆ గర్వం బాబా ఖరక్ సింగ్ మార్గ్‌లోని లేపాక్షి దాకా మనల్ని నడిపించాలి. సహజ రంగులు వేసినదేనా అని అడిగి, చిన్న ముక్కలు ఊడిరాని బొమ్మ ఒక్కటి తెచ్చి అలమారాలో పెట్టండి. బిడ్డ కూర్చునే వయసుకు అది చేతికి వస్తుంది.

ఇక ప్రేమ సంగతి. బిడ్డకు మొదటి నెలల్లో కావలసినవి పాలు, నిద్ర, శుభ్రమైన గాలి, దగ్గరగా వంగి మాట్లాడే ముఖాలు. గదికి పోసే వేల రూపాయలతో మంచి ఎయిర్ ప్యూరిఫయర్ కొనొచ్చు. తల్లికి రెండు నెలలు సాయం చేసే మనిషిని పెట్టొచ్చు. తండ్రి జీతం లేని సెలవు కొన్నాళ్ళు తీసుకోవచ్చు. వీటిలో ఏది ఎంచుకున్నా బిడ్డకు వాల్‌పేపరు కంటే మేలే. ఖర్చు తగ్గించుకోవడం ప్రేమ తక్కువవడం కాదు, ఆ డబ్బును బిడ్డకు నిజంగా అందేచోట పెట్టడం.

కాబట్టి సీమంతానికో బారసాలకో ఏం తెమ్మంటారని చుట్టాలు అడిగితే బహుమతుల జాబితా పంపకండి. పెట్టెలో దాచుకున్న పాత నూలు చీర ఒకటి ఉతికి తెమ్మని అడగండి, వచ్చి ఒక పూట కూర్చుని నాలుగు వరసలు కుట్టి వెళ్ళమనండి. వాల్‌పేపరు ఆర్డరు రద్దు చేయడానికి ఇంకా గడువుంటే ఈ రోజే రద్దు చేయండి.